మళ్లీ మొదలుపెడుతున్నావటగా

చిట్టితల్లీ,

సోమవారం నుంచి అన్నం బంద్ అన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బరువు తగ్గడానికి మళ్లీ పూనుకున్నావని ముచ్చటేసింది గానీ, ఆ బంద్ అన్న మాటకి గుండె ఝల్లుమంది.

అన్నిటికంటే ముందు డాక్టరు దగ్గరికెళ్లు. షుగరుకి గ్లిమిపిరైడ్ వేసుకుంటున్నావు. ఆ మాత్ర వేసుకుని తిండి తగ్గిస్తే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం... షుగర్ పడిపోతుంది. మోతాదు సరిచేయించుకోందే ఒక్క పూట తిండి కూడా మానకు. మాత్ర నీ అంతట నువ్వు ఆపనూ ఆపకు. పనిలో పనిగా థైరాయిడ్ పరీక్ష చేయించుకో.

వారానికి ఐదు రోజులు అరగంట నడక, రాత్రి ఏడు గంటల నిద్ర. ఇవి నీకు తెలిసినవే.

అసలు చెప్పాల్సింది పోయినసారి సంగతి. అన్నం పూర్తిగా మానేసి, మొదటి వారమే మూడు కిలోలు తగ్గానని అందరికీ చాటావు. అందులో కొవ్వెంత? కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఆపగానే ఆ నిల్వ ఖర్చయి, నీళ్లు పోయాయి. తర్వాత పెళ్లిలో పులిహోర, ఆవకాయ, అప్పడాలు తిన్నావు. తెల్లారి కాటా రెండు కిలోలు ఎక్కువ చూపించింది. నా వల్ల కాదని ఆ పూటే వదిలేశావు. లెక్క చూడవే పిచ్చిదానా! కిలో కొవ్వు పెరగాలంటే అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. రెండు కిలోలకి పదిహేను వేలు. అంత ఏ విస్తట్లో వడ్డిస్తారు? ఆ పెరిగిందంతా ఉప్పు పట్టి ఉంచిన నీరూ, మళ్లీ నిండిన నిల్వానూ. మామూలు తిండికొస్తే నాలుగు రోజుల్లో చాలావరకు దిగేది. ఎంత ఏడ్చావో తలుచుకుంటే ఇప్పటికీ ఆ కాటాని బావిలో పారేయాలనిపిస్తుంది.

ఈసారి వారానికి ఒక్కసారే, పొద్దున్నే, కాఫీకి ముందు తూగు. నెలసరి ముందు వచ్చే అంకెని పట్టించుకోకు. నెలకి రెండు కిలోలు చాలు. నీ 80లో నాలుగు తగ్గినా షుగరులో తేడా కనబడుతుంది.

అన్నం మానకు, కొలుచుకో. వండిన అన్నం 150 గ్రాములంటే 200 కేలరీలు. దానికి రెండింతలు కూర, గట్టి పప్పో రెండు గుడ్లో. మీ ఇంట్లో అసలు దొంగ నూనే. చిన్న చెంచాకే 45 కేలరీలు, మీరేమో సీసా వంచేస్తారు. ముగ్గురికీ కలిపి నెలకి రెండు లీటర్లు విడిగా తీసిపెట్టు. మనిషికి రోజుకి 22 మిల్లీలీటర్లు వస్తుంది. ఇరవయ్యో తారీఖుకే అయిపోతే ఎక్కడ పోతోందో నీకే తెలుస్తుంది.

ఉత్సాహం వచ్చాక చూద్దామని కూర్చోకు. పని మొదలయ్యాకే అది వస్తుంది. సోమవారం దాకా ఎందుకు? ఇవాళ రాత్రే తిన్నాక పది నిమిషాలు నడువు. అన్నం తగ్గించడం మాత్రం డాక్టరు మోతాదు సరిచేశాకే. ఊళ్లో చెప్పుకోకు. ఒక పూట అదుపు తప్పితే మర్నాడు ఉపవాసాలు చెయ్యకు, సాయంత్రానికి మిక్చర్ డబ్బా ఖాళీ అవుతుంది.

సంక్రాంతికి రా. అరిసెలు వండుతాను, ఒకటి తిందువుగాని. రెండోది అడిగినా పెట్టను.

మీ పెద్దమ్మ