ఆరు ఓడిన కోచ్ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ రాత్రి పదకొండున్నరకి చూశాను. "ఆదివారం కమిటీ మీటింగు, కోచ్‌ని మార్చేద్దామంటున్నారు, నువ్వేటంటావు మావయ్యా" అని అడిగేశావు. ఫోన్లో బొటనవేలితో కొట్టి చెప్పే సంగతి కాదిది, అందుకే కాగితం తీశాను. నా దస్తూరీ అర్థం కాకపోతే మీ అమ్మ చేత చదివించుకో. చిన్నప్పుడు నా నోట్సులన్నీ తనే రాసిపెట్టేది.

మీ ఫుట్‌బాల్ జట్టుకి ఎనిమిది ఆటల్లో ఆరు పోయాయి, ఒకటి డ్రా, ఒకటి గెలుపు. ఇంకా ఆరున్నాయి. సరే. ముందు నా పాపం ఒకటి చెప్పుకోవాలి. అది వినకుండా నా సలహా తీసుకోకు.

డాక్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో మా జట్టుకి నేను ట్రెజరర్ని. ఓ సీజన్లో వరసగా ఐదు ఓడిపోయాం. శనివారం రాత్రి టీ కొట్టు వెనకాల నలుగురం కూర్చుని తీర్మానం రాసేశాం, కోచ్‌ని తీసేశాం. సంతకం నేనూ పెట్టాను. ఆ సంగతి ఆయనకి ఎవరు చెప్పాలన్నది మాత్రం తేల్చుకోలేదు. వాడు చెప్తాడని వీడు, వీడు చెప్తాడని వాడు. సోమవారం పొద్దున్న ఐదున్నరకి నేను గ్రౌండుకెళ్లేసరికి ఆయన గోల్‌పోస్టు పక్కన ఇటుకల మీద కూర్చుని బంతులకి గాలి కొడుతున్నాడు. సూదిని ఉమ్మితో తడిపి, బంతిని మోకాళ్ల మధ్య ఇరికించి, సైకిలు పంపుతో ఒక్కోటీ కొట్టి, నేల మీద ఎగరేసి చూసుకుని పక్కన పెడుతున్నాడు. మొత్తం తొమ్మిది బంతులు. నేను స్కూటరు దిగకుండానే తిప్పుకుని ఇంటికొచ్చేశాను. చివరికి ఆ కబురు ఆయనకి మా కీపర్ కుర్రాడు చెప్పాడట. వాడికి పదిహేడేళ్లు.

ఆ తర్వాతి ఆట మూడు సున్నాతో గెలిచాం. మార్చగానే ఎలా ఉందో చూశారా అని ఊరంతా చెప్పుకు తిరిగాం. ఎదుటి జట్టు టేబుల్లో మాకన్నా కింద ఉందన్న సంగతి ఎవడికీ గుర్తులేదు. తర్వాత నాలుగు ఆడి మూడు ఓడాం. కొత్తాయన తన కుర్రాళ్లని తెచ్చుకున్నాడు. మా లెఫ్ట్ బ్యాక్ అలిగి ఆట మానేసి, మళ్లీ ఆ గ్రౌండు గేటు తొక్కలేదు.

ఆ మొదటి గెలుపు దగ్గరే అందరూ మోసపోతారు. అష్టాచెమ్మా ఆడేటప్పుడు మీ అమ్మమ్మ ఏం చేసేదో గుర్తుందా? గవ్వలు కలిసిరాకపోతే "నా చెయ్యి బాలేదు" అని నీ చేతిలో పెట్టేది. నువ్వేస్తే అష్టా పడేది, నీ చెయ్యి మంచిదనేవారు. ఆసారి ఆవిడే వేసినా పడేదేమో, ఎవరు చూశారు? నెదర్లాండ్స్‌లో ఆర్థికశాస్త్రం వాళ్లు వాళ్ల ఫుట్‌బాల్ లీగుని 1986 నుంచి 2004 దాకా ఇలాగే తవ్వి చూశారు. ఓడి ఓడి కోచ్‌ని మార్చిన జట్లు ఒక పక్క, అలాగే ఓడినా మార్చని జట్లు ఇంకో పక్క. రెండూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి.

అలాగని అసలు మార్చకూడదని కాదు. 2012 మార్చిలో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ వాళ్లు కోచ్ విల్లాస్-బోయాస్‌ని తీసేసి, ఆయన కింద పనిచేస్తున్న డి మాటియోకి జట్టు అప్పజెప్పారు. మే నెలలో మ్యూనిక్‌లో యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు, చాంపియన్స్ లీగ్ కొట్టుకొచ్చారు. ఆ డి మాటియో అప్పటికే రోజూ ఆ కుర్రాళ్లతో గ్రౌండులో ఉన్నవాడు. మీ దగ్గర అలాంటివాడు ఎవడున్నాడు? మీ కమిటీలో ఒకాయన హైదరాబాద్ నుంచి ఎవర్నో పట్టుకొస్తానంటున్నాడని రాశావు. వచ్చినాయనకి కుర్రాళ్ల పేర్లు నోటికొచ్చేసరికి రెండాటలు అయిపోతాయి. ఉన్నవే ఆరు. అన్నట్టు డి మాటియోని కూడా అదే ఏడాది నవంబర్లో తీసేశారు. వాళ్లకి డబ్బుంది, ఏడాదికి ఇద్దర్ని మారుస్తారు.

డబ్బంటే గుర్తొచ్చింది. మన దేశం జట్టు 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 2-1తో ఓడిపోయిందిగా. నాకూ ఒళ్లు మండింది, టీవీ కట్టేసి పడుకున్నాను. జూన్‌లో కోచ్ స్టిమాక్‌ని తీసేశారు. ఆయనతో ఒప్పందం 2026 దాకా ఉంది. చివరికి నాలుగు లక్షల డాలర్లిచ్చి రాజీపడాల్సొచ్చింది. మీ కోచ్‌తో రాసుకున్న కాగితం ఎక్కడుందో ముందు వెతుకు. కాగితమేటి, నోటిమాటే అంటావేమో. అయితే ఆ నోటిమాట ఎవరెవరి ముందు అన్నారో గుర్తుచేసుకో.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని. శుక్రవారం పొద్దున్న ఎవరికీ చెప్పకుండా ప్రాక్టీసుకెళ్లు. గేటు దగ్గర నిలబడకు, నిన్ను చూస్తే అందరూ మంచోళ్లైపోతారు. ఎంతమంది వచ్చారు, ఎన్నింటికి వచ్చారు చూడు. ఆయన ఈలేస్తే పరిగెత్తుకొస్తున్నారా, కాళ్లీడ్చుకుంటూ వస్తున్నారా చూడు. ఆయన మాట్లాడుతుంటే వెనక వరసలో సీనియర్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వుకుంటున్నారా? అది కనిపిస్తే మాత్రం ఆ జట్టు ఆయన చెయ్యి దాటిపోయినట్టే. అప్పుడాయన ఎంత తెలిసినవాడైనా లాభం లేదు.

రహీం సాబ్ సంగతి నీకు చిన్నప్పుడు చెప్పేవాణ్ని, మన హైదరాబాద్ ఆయన, అప్పట్లో మన దేశం జట్టుకి కోచ్. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. పది! మీ కమిటీ అయితే ఆయన వెనక్కి తిరిగొచ్చేలోపే తీర్మానం రాసి ఉంచేది. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో అదే రహీం సాబ్ జట్టు సెమీఫైనల్ ఆడింది. 1962 ఆసియా క్రీడల్లో, జకార్తాలో, మొదటి ఆటే దక్షిణ కొరియా చేతిలో 2-0తో పోయింది. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి అప్పటికే తలకి కుట్లు పడి ఉన్నాయి. నువ్వు ముందుకెళ్లి ఫార్వర్డ్‌గా ఆడు అన్నాడు రహీం సాబ్. ఆడాడు, గోల్ కొట్టాడు, 2-1తో గెలిచారు. ఆయనకి అప్పటికే క్యాన్సర్, మరుసటేడు పోయాడు. తల పగిలినవాడు కూడా ఆయన వేలు చూపించిన చోటికి వెళ్లి నిలబడ్డాడు. నువ్వు శుక్రవారం వెతకాల్సింది అదే, కొంచెమైనా ఉందా లేదా అని.

తర్వాత స్కోర్‌బుక్ తియ్యి. మీకు పడిన గోల్స్ ఏ నిమిషంలో పడ్డాయో వరసగా రాసుకో. నేను చూసిన రెండాటల్లో ఐదు పడితే నాలుగు ఆఖరి ఇరవై నిమిషాల్లోనే. మీ సెంటర్ బ్యాక్ నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయాడు, బంతి పక్కనుంచి పోతుంటే తల తిప్పి చూశాడంతే. కుర్రాడికి భయమూ లేదు, బద్ధకమూ లేదు, కాళ్లు లేవట్లేదు. ఎందుకా అని మా వీధి కుర్రాణ్ని కదిపితే తెలిసింది, ఆటకి ముందురోజు ఆర్కే బీచ్‌లో ఇసక పరుగట, గంటసేపు. ఇసకలో పిక్కలు పట్టేస్తే మర్నాటికి వదులుతాయా? అందులోనూ మన విశాఖ ఉక్క, మధ్యాహ్నం మూడింటికి ఆట. ఆ ఇసక పరుగు మంగళవారానికి మార్చమని ఆయన్ని అడుగు. కమిటీ తరపున కాకుండా నువ్వొక్కడివే, టీ తాగుతూ అడుగు. ఒప్పుకుంటే, లేదా ఎందుకు కుదరదో నీకు అర్థమయ్యేలా చెప్తే, ఆయన్ని ఉంచు. "ఫుట్‌బాల్ నాకు నేర్పుతావేటి" అని లేచిపోతే అప్పుడు ఆలోచించు.

కుర్రాళ్ల మీద చెయ్యి చేసుకుంటున్నాడన్నా, దెబ్బ తగిలినవాణ్ని బలవంతంగా దింపాడన్నా, జట్టులో చోటుకి డబ్బు తీసుకున్నాడన్నా, నిజమని తేలితే ఆదివారం దాకా ఆగకు. పది గెలిచినా సరే పంపించెయ్యి.

ఇంకో చిన్న మాట, నీలోనే ఉంచుకో. మార్చాలని అందరికన్నా గట్టిగా అంటున్నది మీ ప్రెసిడెంటు గారని విన్నాను. ఆయన బావమరిది కొడుకు ఈ సీజనంతా బెంచీ మీదే ఉన్నాడని కూడా విన్నాను. రెండింటికీ సంబంధం ఉందో లేదో నువ్వే చూసుకో.

తీసెయ్యాలనే అనుకుంటే మిగిలిన ఆరాటలకీ అసిస్టెంటుకి అప్పజెప్పండి, కొత్తవాణ్ని సీజనయ్యాక తీరిగ్గా వెతకండి. వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు నువ్వు కోచ్ ఇంటికెళ్లి చెప్పాలి. వాళ్లావిడ మంచినీళ్లిస్తే తాగి, కూర్చుని చెప్పాలి. ఉంచాలనుకుంటే కుర్రాళ్లందరి ముందూ, ఆఖరి ఆట దాకా ఈయనే అని ప్రెసిడెంటు చేతే చెప్పించు. ఉంచీ ఉంచనట్టు వదిలేస్తే కుర్రాళ్లు వారంలో పసిగట్టేస్తారు, ఆయన మాట ఎవడూ వినడు.

నన్నడిగితే, ఇక్కణ్నుంచి నాకు కనిపించినంతలో, ఉంచమంటాను. శుక్రవారం నేనూ వస్తాను, ఐదుంపావుకి మీ ఇంటి దగ్గరుంటాను.

ఇట్లు,
మీ మావయ్య

తా.క.: నీ మెసేజ్ మళ్లీ చదివాను. ఆయనకి రెండు నెలల జీతం బాకీ అని చివర్లో రాశావు, ఇందాక చూడలేదు. ఆదివారం ఏం తేల్చుకున్నా సరే, శనివారం సాయంత్రానికి ఆ డబ్బు ఆయన చేతిలో పడాలి. చందాలు రాలేదంటే నాకు ఫోన్ చెయ్యి, నా పెన్షన్ పడింది.