కాంటాక్టుల సాఫ్ట్‌వేర్ కొనేముందు

భీమవరం

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మన చేపల, రొయ్యల ఫీడ్ (మేత) షాపుకి రైతుల వివరాలన్నీ ఒకచోట పెట్టే సాఫ్ట్‌వేర్ కొంటానంటున్నావు, మంచిదే. కంపెనీ కుర్రాడు డెమో చూపిస్తే ఏదైనా బ్రహ్మాండంగానే ఉంటుంది. వాడి దగ్గరున్న పేర్లతో కాదు, మన పేర్లతో చూపించమను.

పొద్దున్నే ఫోనొస్తుంది. "రాజుగార్నండీ, మొన్నటి మేతే పంపించండి" అని పెట్టేస్తారు. ఏ రాజుగారు? ఏ చెరువుకి? ఎన్నో నంబరు మేత? ఉండి నుంచి ఆకివీడు దాకా సత్యనారాయణరాజులు ఎంతమందో నీకు తెలుసుగా. ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు కొట్టగానే ఆయన వివరాలు తెర మీదికి రావాలి. మన గుమస్తాల్లో ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకొకరు చివర. ఇంగ్లీషు స్పెల్లింగు ఎవరిష్టం వారిది. అలా ఒక్క మనిషే ముగ్గురవుతాడు. ఉన్న నంబరే మళ్లీ ఎక్కిస్తుంటే అది అడ్డుపడాలి. రెండు ఎంట్రీలు కలిపినా పాత నోట్లు పోకూడదు. తెలుగులో టైపు చేసి, తెలుగులోనే వెతికి కూడా చూడు.

డెమోలో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. మనిషి వేరు, చెరువు వేరు. ఒకే రైతుకి కాళ్ళ ఊళ్లో రెండు సొంత చెరువులు, మొగల్తూరులో ఒకటి లీజుకి ఉంటాయి. లీజు అయిపోతే ఆ చెరువు ఇంకొకరి చేతికి పోతుంది. వివరాలన్నీ రైతు పేరు కింద ఒకే గడిలో కుక్కితే, ఏడాది తిరిగేసరికి ఏ చెరువులో సీడ్ (చేప, రొయ్య పిల్లలు) ఎప్పుడు వేశారో ఎవరికీ అంతుపట్టదు. చెరువుకి వేరే రికార్డు తెరిచి, రైతుకి తగిలించి, రేపు లీజు మారితే మార్చుకునే వీలుండాలి. ఎక్సెల్ చేతులెత్తేసేది సరిగ్గా ఇక్కడే. ఈ తలనొప్పి లేకపోతే వంద రెండొందల పేర్లకి ఎక్సెలే చాలు, డబ్బు దండగ.

ధర యూజర్‌కి నెలకింత అని చెబుతారు. ఫీల్డు కుర్రాళ్లని కూడా లెక్కలో వేసి, పైన 18 శాతం జీఎస్టీ కలిపి, ఏడాదికి ఎంతవుతుందో చూసుకో. జోహో కంపెనీ సీఆర్‌ఎం (ఖాతాదారుల వివరాలు పెట్టే సాఫ్ట్‌వేరే) లాంటి వాటిలో ముగ్గురి దాకా ఉచితం, ముందు అక్కడ చూడొచ్చు. చెరువు గట్టున సిగ్నల్ లేకపోయినా ఫోన్లో ఎంట్రీ పడుతుందా అని అడుగు. తుఫాను రోజుల్లో ఆఫీసులో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు.

మొత్తం లిస్టు బయటికి తీసే అధికారం నీ ఒక్కడికే ఉండాలి. కుర్రాడు మానేసి ఎదురు షాపులో చేరితే మన రైతులు కూడా వాడి ఫోన్లో వెళ్లిపోకూడదు కదా. నువ్వు మాత్రం ఎప్పుడంటే అప్పుడు పేర్లు, నోట్లు, చెరువులతో సహా ఫైలుగా దించుకోగలగాలి. దీనికి నసిగే కంపెనీని అక్కడే వదిలెయ్. ఆధార్ నంబర్లు అందులో ఎక్కించకు. వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టమే వచ్చింది, మనకి అక్కర్లేనివి దగ్గర పెట్టుకోవడం దేనికి?

నీ ఫోన్లో అన్నిటికంటే గజిబిజిగా ఉన్న యాభై పేర్లు ఏరి, ట్రయల్‌లో పెద్ద గుమస్తా గారి చేత ఎక్కించు. నువ్వు పక్కన కూర్చుని నేర్పకు. వారంలో ఆయన చేతికి అలవాటు పడకపోతే అది మనకొద్దు.

ఇట్లు,
పెదనాన్న