ఫిట్స్ మందుకు లొంగని వణుకు: బిడ్డ కణుపులు చూడండి, తల్లి కంచం చూడండి

"బాబుకి పది నెలలు. తల, చేతులు వణుకుతున్నాయి. నెల రోజులుగా ఫిట్స్ మందు వేస్తున్నా తగ్గలేదు. ఇంతకుముందు కూర్చునేవాడు, ఇప్పుడు మెడ కూడా నిలపడం లేదు" అని ఒకరు రాశారు. వణుకు సంగతి తర్వాత. కూర్చునే పిల్లాడు మెడ వాల్చేశాడంటే ముందు రక్తంలో విటమిన్ బీ12 ఎంతుందో చూడాలి.

పగటి వెలుతురులో వేళ్ల కణుపులు చూడండి. చేతివేళ్ల పైభాగం, కాలివేళ్లు, మోకాళ్లు మిగతా ఒంటికంటే నల్లబడ్డాయా? జుట్టు పలచబడి, గోధుమరంగుకు తిరిగిందా? కనురెప్ప కిందికి లాగితే లోపల పాలిపోయి ఉందా? పిలిస్తే నవ్వడం మానేశాడా? వీటికి వణుకు తోడైతే, వయసు ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఉంటే, తల్లిపాల మీదే పెరుగుతుంటే, అది చాలావరకు ఇన్‌ఫంటైల్ ట్రెమర్ సిండ్రోమే, అంటే ఎక్కువగా బీ12 లోపంతో పసిపిల్లలకొచ్చే వణుకు జబ్బు. తల్లిలో బీ12 తక్కువైతే పాలలోనూ తక్కువే. 1950ల నుంచీ మన దేశపు డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. చిక్కేమిటంటే, ఇలాంటి పిల్లలు చాలామంది బొద్దుగా ఉంటారు. అందుకే "పుష్టిగానే ఉన్నాడుగా, దిష్టి తగిలింది" అని తాయెత్తు కట్టేసి ఊరుకుంటారు.

ఫిట్స్‌కీ దీనికీ తేడా పసిగట్టడానికి ఫోన్ చాలు. నిద్రపోయాక వణుకు ఆగుతుందా? వణికే చెయ్యి మెత్తగా పట్టుకుంటే తగ్గుతుందా? ఫిట్స్‌లో పట్టుకున్నా కొట్టుకుంటూనే ఉంటుంది, చూపు తరచుగా ఓ పక్కకు తిరిగిపోతుంది. రెండు నిమిషాల వీడియో తీసి డాక్టరుకి చూపించండి, మీరు మాటల్లో చెప్పేదానికంటే అదే నయం. వాడుతున్న ఫిట్స్ మందు మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. ఒక హెచ్చరిక: నిద్ర లేవగానే వరసగా, దండం పెట్టినట్టు ముందుకు వంగి వంగి లేస్తుంటే అది వణుకు కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీయించాలి. పుట్టిన మొదటి రోజుల్లో వణికే బిడ్డ కథ వేరు. అక్కడ ముందు షుగరు, తర్వాత కాల్షియం చూస్తారు.

పరీక్షకు రక్తం బీ12 ఇంజెక్షన్ వేయకముందే తీయించండి. ఒక్క డోసు పడిందంటే బీ12 రిపోర్టు ఎందుకూ పనికిరాదు. సీబీసీలో (రక్తకణాల లెక్క పరీక్షలో) ఎమ్‌సీవీ, అంటే ఎర్రకణం సైజు, 100 దాటితే అనుమానం బలపడుతుంది. కానీ ఐరన్ కూడా తక్కువైతే బీ12 లోపం కణాన్ని పెంచుతుంది, ఐరన్ లోపం కుదిస్తుంది, అంకె నార్మల్‌గా కనిపించి మోసం చేస్తుంది. అందుకే రక్తాన్ని గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో కూడా చూడమనాలి. ఎమ్మారైలో మెదడు కాస్త కుంచించుకుపోయినట్టు రాస్తే హడలిపోకండి, వైద్యం అందితే చాలావరకు తిరిగి నిండుతుంది. అసలు ప్రమాదం రక్తం తక్కువుందని మందుల షాపులో కొనే ఫోలిక్ యాసిడ్ టానిక్‌తో. బీ12 లేకుండా అది ఒక్కటే పోస్తే రక్తం పెరుగుతుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

వైద్యం బీ12 ఇంజెక్షన్లతోనే. డోసు ఆసుపత్రిని బట్టి 250 నుంచి 1000 మైక్రోగ్రాముల మధ్య ఉంటుంది. మొదట ఒకటి రెండు వారాలు రోజూ లేదా రోజు విడిచి రోజు, తర్వాత వారానికోటి, ఆపైన నెలకోటి. హిమోగ్లోబిన్ మరీ పడిపోయి ఉంటే ఆసుపత్రిలో ఉంచే మొదలుపెట్టాలి, కొత్త రక్తకణాలు ఒక్కసారిగా పుట్టుకొచ్చేటప్పుడు రక్తంలో పొటాషియం పడిపోవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రెండోరోజో మూడోరోజో పిల్లాడు కళ్లు తిప్పి అమ్మ వైపు చూస్తాడు, పాలకు వెతుక్కుంటాడు. ఇంటిల్లిపాదీ సంబరపడేలోపే వణుకు రెట్టింపవుతుంది. తల ఊగుతుంది, నాలుక వణుకుతుంది, ఏడుపు మేకపిల్ల అరిచినట్టు వస్తుంది. అంతకుముందు వణుకే లేని పిల్లలకు కూడా కొందరికి అప్పుడే మొదలవుతుంది. "ఆ సూదే చేసింది ఇదంతా" అని నాయనమ్మ అంటుంది, రాత్రికి రాత్రే ఇంకో ఆసుపత్రికి పరుగు. అక్కడ కొత్త ఫిట్స్ మందు, బీ12 గోవిందా. దయచేసి ఆ తప్పు చేయొద్దు. ఈ వణుకు కొన్ని వారాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది. పాలు తాగలేనంతగా ఉంటే వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ అనే మందు ఇస్తారు, కిలో బరువుకు రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు, విడదీసి, పాలు పట్టాకే. పిల్లికూతలున్న పిల్లలకు అది పనికిరాదు.

రక్తం నెలా రెండు నెలల్లో సర్దుకుంటుంది, కణుపుల నలుపు పోవడానికి ఇంకొంత కాలం పడుతుంది. నడక, మాట ఆలస్యమైతే జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించి చూసే కేంద్రంలో) చూపించండి. ఆలస్యంగా గుర్తించిన పిల్లల్లో కొందరికి వెనకబాటు మిగిలిపోతుంది.

ఇక నా కోపమంతా పథ్యం మీద. బాలింతకు కారప్పొడి, వెల్లుల్లి పెట్టి, "చలువ చేస్తుంది" అని పెరుగు, "బిడ్డకు పడదు" అని గుడ్డు ఆపేస్తారు. బీ12 దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. ఆకుకూరల్లో లేదు. గర్భిణులకిచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి గానీ బీ12 లేదు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో తల్లికి రోజూ 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇవ్వాలి. ఆ గుడ్డు ఆమే తినాలి, ఇంటికి తెచ్చి పంచకూడదు. మేకపాలు మంచివని పట్టేవాళ్లకు ఇంకో మాట: వాటిలో ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ రకపు విటమిన్) చాలా తక్కువ. అన్నప్రాసన రోజున పాయసం నాలుకకు అంటించి, మళ్లీ ఏడాది దాకా పాలతోనే సరిపెట్టడం మరో ఆనవాయితీ. ఆరు నెలలు నిండగానే మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, ఉడికిన గుడ్డు మొదలుపెట్టొచ్చు.

తల్లిపాలు మాన్పించకండి. తల్లికి కూడా అదే రోజు బీ12 పరీక్ష చేయించి, తక్కువుంటే ఆమెకూ ఇంజెక్షన్లో మాత్రలో మొదలుపెట్టించండి. శాకాహారులైతే పాలిచ్చినన్నాళ్లూ మాత్ర ఆపొద్దు.