రాయగడలో ఒడియా రాక, బాబాయి కొట్లోనే ఉండిపోయానన్న ప్రశ్నకు

ఒడిశాలోని రాయగడలో ఉంటూ తెలుగు మీడియంలో చదివానని, ఒడియా రాదని, నాన్నగారి అప్పు కూడా ఉండటంతో బాబాయి కొట్లోనే ఉండిపోయానని రాశారు. అసలు చిక్కు ఒడియా కాదు, బాబాయి కొట్టూ కాదు. "తప్పు నాది కాదు" అన్నారు, నిజమే. తెలుగు మీడియంలో వేసింది ఇంట్లోవాళ్లు. కానీ ఆ మాట వెనకే "కాబట్టి చేయాల్సిందీ నేను కాదు" అన్నది దూరిపోయింది.

1. మీరు చెప్పిన కారణాల్లో మీ చేతిలో లేనివి కొట్టేయండి. పాత చదువు, నాన్నగారి అప్పు పోతాయి. ఒడియా, బాబాయితో మాట్లాడటం మిగులుతాయి.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. "నేర్చుకుంటాను" అనుకుంటారు గానీ ఎప్పుడు, ఎక్కడ అన్నది తేల్చుకోరు. ఇలా కాగితం మీద రాయండి: "రాత్రి షట్టరు దించగానే, గల్లా లెక్క ముట్టుకోకముందే, కౌంటరు దగ్గరే ఒడియా వాచకం ఒక పేజీ." మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించింది ఇదే: సందర్భాన్ని పనికి ముడిపెడితే, ఉత్త సంకల్పం కంటే ఎక్కువగా నెరవేరుతుంది. ఆ గుండ్రటి అక్షరాలన్నీ మొదట ఒకేలా కనిపిస్తాయి, టెన్షన్ పడకండి. బజార్లో బోర్డులు కూడబలుక్కుంటూ చదవండి, ఎవరూ నవ్వరు. నవ్వినా ఏం పోయింది?

3. కొట్టు వదిలి ఉద్యోగం చూసుకోవాలన్నా ఒడియా కావాలి: ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు మామూలుగా ఏడో తరగతి స్థాయి ఒడియా అడుగుతారు. బడిలో చదవనివాళ్లు ఆ స్థాయి పరీక్ష విడిగా పాసైనా చాలు. నోటిఫికేషన్లో ఆ లైను మీరే చదవండి, ఎవరో చెప్పింది వినొద్దు.

4. "ఆదివారం మధ్యాహ్నం నాకు వదిలేయ్ బాబాయ్" అని అడగండి. వద్దంటే వచ్చే నెల మళ్లీ అడగండి. రాత్రి పేజీ మాత్రం ఆపకండి.