డ్వార్ఫ్‌లందరూ గొడ్డళ్ళు చేస్తూ కూర్చుంటే బొగ్గు ఎవరు కాలుస్తారు?

ఫాంటసీ కథల్లో కొండల లోపల తవ్వుకుంటూ బతికే పొట్టి జాతి ఉంటుంది కదా, ఆ డ్వార్ఫ్‌లంటే బంగారు గనులు, మాయా ఆయుధాలేనా, చిన్నాచితకా పనులు చేసుకుని బతికేవాళ్ళు ఉండరా, నా కథలో పేద డ్వార్ఫ్‌కి ఏం పని పెట్టను అని అడిగారు.

ఉన్నారండీ. 1937లో వచ్చిన టోల్కీన్ నవల 'ది హాబిట్'లోనే డ్వార్ఫ్‌ల నాయకుడు థోరిన్ తనవాళ్ళ కష్టాలు చెప్పుకుంటాడు. డ్రాగన్ వచ్చి తమ కొండను ఆక్రమించాక దేశాలు పట్టి తిరిగామని, మామూలు కమ్మరి పనికీ, ఆఖరికి బొగ్గు గనుల్లో తవ్వడానికీ దిగజారామని అంటాడు. తవ్వడం వాళ్ళకేం కొత్త కాదు. బంగారం తవ్విన చేత్తో బొగ్గు తవ్వాల్సి రావడమే నామోషీ. మీ పేద డ్వార్ఫ్‌కి ముందు ఆ నామోషీ ఇవ్వండి, పని తర్వాత చూద్దాం.

(మరుగుజ్జులు అనకుండా డ్వార్ఫ్‌లనే రాస్తున్నాను. పొట్టిగా పుట్టిన మనుషుల్ని కూడా ఆ మాటతోనే పిలిచేస్తుంటాం, ఇక్కడి విషయం వాళ్ళది కాదు.)

నేను నాలుగేళ్ళుగా స్నేహితులతో రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడిస్తున్నాను, అంటే అందరం కూర్చుని మాటలతోనే కథ నడిపే ఆట. లోకం నాది, పాత్రలు వాళ్ళవి. మొదట్లో నేను కట్టిన డ్వార్ఫ్ నగరంలో ఆయుధాలు చేసేవాళ్ళు, నగలు చేసేవాళ్ళు, రత్నాలు సానపట్టేవాళ్ళు తప్ప ఇంకో ప్రాణి లేదు. "మరి వీళ్ళకి వండిపెట్టేదెవరు?" అందొకమ్మాయి. నేను నీళ్ళు నమిలాను.

ఆ తర్వాత డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ ఆడితే బుద్ధొచ్చింది. 2006లో వచ్చిన కంప్యూటర్ గేమ్ అది. ఏడుగురు డ్వార్ఫ్‌లతో మొదలుపెట్టి కోట నిలబెట్టాలి. మద్యం లేకపోతే వాళ్ళకి పని సాగదు. నా కోటలో నేలకింద పుట్టగొడుగులు పుష్కలంగా పండాయి, వాటితో మద్యం చేసేవాడూ ఉన్నాడు. పొయ్యడానికి ఖాళీ పీపా ఒక్కటీ లేదు! వడ్రంగిని మంచాల మీద పెట్టి పీపాల సంగతి మర్చిపోయాను. ఈలోగా చలికాలం వచ్చి ఏరు గడ్డకట్టింది. దాహంతో మొదట పోయింది నా కమ్మరే, కొలిమి పక్కనే. గదినిండా గొడ్డళ్ళున్నాయి, ఏం లాభం?

పాత నార్స్ కథల్లో, అంటే స్కాండినేవియా వాళ్ళ పురాణాల్లో కూడా చూడండి. 13వ శతాబ్దంలో ఐస్లాండ్‌లో రాసిన ప్రోజ్ ఎడ్డా అనే పుస్తకంలో ఉరుముల దేవుడు థోర్ సుత్తి తయారయ్యేటప్పుడు సిండ్రి అనే డ్వార్ఫ్ కొలిమి పని చూస్తుంటే అతని సోదరుడు బ్రొక్ తిత్తులు ఊదుతుంటాడు. ఆపావో పని చెడుతుందని ముందే చెప్పి ఉంచారు. ఈగ వచ్చి కనురెప్ప మీద కుడుతుంది, నెత్తురు కళ్ళలోకి కారుతుంది, ఒక్క క్షణం చెయ్యి తీసి ఈగను తోలతాడు. అంతే, సుత్తి పిడి పొట్టిదైపోయింది. అంత పేరున్న ఆయుధానికి వంక వచ్చింది తిత్తుల దగ్గర!

ఇక మీ డ్వార్ఫ్‌కి పని. గనిలో నీళ్ళు తోడేవాడు, తట్టలు మోసేవాడు, ఊరూరా తిరిగి గిన్నెలకు మాట్లు వేసేవాడు, ఎవరైనా పనికొస్తారు. నన్నడిగితే మాత్రం బొగ్గులు కాల్చేవాణ్ణి చేయండి, అంటే గనిబొగ్గు కాదు, కట్టెలు కాల్చి బొగ్గు చేసేవాణ్ణి. రాతిలోంచి ఇనుము తీయాలంటే కొలిమికి బొగ్గు కావాలి. వేసిన కట్టె బరువులో చేతికొచ్చేది సుమారు అయిదో వంతే కాబట్టి అడవుల వెంట తిరగాలి. అంటే కొండ లోపల ఉండాల్సినవాడు చెట్ల మధ్య బతుకుతున్నాడన్నమాట. చుట్టాలు నవ్వుతారు, కానీ వాడు బొగ్గు దింపకపోతే ఆ చుట్టాల కొలిమి వెలగదు.

పని కూడా చూడముచ్చటగా ఉంటుంది. కట్టెలు పేర్చి, ఆకులూ మట్టీ కప్పి, గాలి ఆడీ ఆడకుండా రోజుల తరబడి కాల్చాలి. మట్టి బీటవారి గాలి దూరిందా, మొత్తం బూడిదే. తెల్లగా దట్టంగా వచ్చే పొగ పల్చబడి నీలంగా మారితే బొగ్గు అయిందని గుర్తు. రాత్రంతా కాపలా ఉండాలి కాబట్టి యూరప్‌లో ఈ పనివాళ్ళు ఒంటికాలి పీట మీద కూర్చునేవాళ్ళు, కునుకు పట్టగానే కిందపడి మెలకువ వచ్చేలా. గడ్డం నిండా మసితో ఆ పీట మీద ఊగే డ్వార్ఫ్‌ని ఒక్కసారి ఊహించుకోండి.

ఒక్కటి మాత్రం ముందే తేల్చుకోండి: వాడికి కూలి ఎవరిస్తారు, ఏ రూపంలో? మా ఆటలో వంటెవరు చేస్తారని అడిగిన అమ్మాయే తర్వాత అలాంటి పాత్ర తీసుకుంది. కొండవాళ్ళు బొగ్గుకు డబ్బివ్వకుండా మేకులిచ్చేవాళ్ళు. ఆ మేకులు అమ్ముకోడానికి వాడు మనుషుల ఊళ్ళకి దిగాల్సి వచ్చింది. రెండు నెలలుగా కదలని కథ అక్కణ్ణుంచి కదిలింది.