బెలూన్ వదలబోయే బిడ్డకు

బిడ్డా శ్రావణీ,

పాలమూరులో ఈ వానాకాలం రేడియోసాండ్, అదే బెలూన్‌కు కట్టి పైకి పంపే సెన్సర్ల డబ్బా, దాని పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. మన చెలకల మీదికి మొగులు కమ్ముకొస్తుంది, చుక్క రాల్చకుండానే పోతుంది. ఎందుకో తెలియాలంటే ఆ మబ్బులోకి సెన్సర్ పంపాల్సిందే. 2011లో పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లు, మబ్బుల్నీ వాననూ పరిశీలించే కైపీక్స్ ప్రయోగంలో భాగంగా మహబూబ్‌నగర్‌లోనే పరికరాలు పెట్టి పరిశీలనలు చేశారు. ముందు ఆ పేపర్లు చదువు.

బెలూన్ చెయ్యి దాటిందంటే ఇక నువ్వు చేసేదేమీ ఉండదు. సెకనుకు సుమారు 5 మీటర్ల చొప్పున ఎక్కిపోతుంది. అందుకే జాగ్రత్తంతా కిందనే పడాలి. సెన్సర్ ఉన్న ఆ సన్నటి పుల్లకు వేలు తగలనివ్వకు, చెమట అంటితే తేమ లెక్క చెడుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే వదలకు. బయట నీడలో, గాలి ఆడేచోట కాసేపు ఉంచి, అక్కడి థర్మామీటర్‌తో పోల్చు. కలవకపోతే ఎవరు తొందరపెట్టినా వదలొద్దు. హైడ్రోజన్ నింపేటప్పుడు దగ్గర్లో నిప్పురవ్వ కూడా ఉండకూడదు. శంషాబాద్ విమానాల దారి పక్కనే కాబట్టి విమానాల రాకపోకలు చూసే ఏటీసీ అనుమతి లేనిదే తాడు విప్పొద్దు.

అన్నిటికంటే ముఖ్యం, వదిలేటప్పుడు తలెత్తి చూడు. బెలూన్ మబ్బులోకి దూరిందా, పక్కనుంచి పోయిందా నోట్‌బుక్‌లో రాయి. వానాకాలంలో కింద పడమటి గాలి దాన్ని నల్లగొండ వైపు తోస్తుంది, బాగా పైకి పోయాక తూర్పు గాలి అందుకుని వెనక్కి తిప్పుతుంది. కాబట్టి గ్రాఫులో కనిపించేదంతా నీ నెత్తిమీది మబ్బు కాదు. ఇంకోటి: మబ్బు దాటి బయటికి రాగానే తడిసిన సెన్సర్ ఆరుతూ, కుండలో నీళ్లు చల్లబడ్డట్టు చల్లబడి, ఉన్నదానికంటే తక్కువ ఉష్ణోగ్రత చూపిస్తుంది. చాలామంది దాన్ని నిజమైన చల్లటి పొర అనుకుంటారు. ఆ అంకెల్ని చెరిపేయకు, గుర్తు పెట్టి ఉంచు. వానాకాలంలో మనదగ్గర సున్నా డిగ్రీలు తగిలేది దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తులో. మబ్బు తల ఆ గీత దాటిందో లేదో రోజూ చూడు, వాన సంగతి చాలావరకు అక్కడే తెలుస్తుంది.

పగిలిన బెలూన్‌తో డబ్బా ఎవరి పత్తి చేలోనో పడుతుంది. తెలియనివాళ్లు బాంబేమో అని టెన్షన్ పడతారు. ఇది వాతావరణ పరికరం, భయం లేదు అని పెద్ద తెలుగు అక్షరాలతో కాగితం రాసి, మీ ఆఫీసు నంబరు వేసి అతికించు.

మీ పెద్దనాయన