భువనేశ్వర్, పూరీ ఇద్దరే వెళ్తుంటే: ఒక్కరోజు ప్యాకేజీ జోలికి పోకండి

మీరు అడిగింది ఇది: విజయవాడ నుంచి భార్యాభర్తలిద్దరే, నాలుగు రోజుల సెలవు, కాస్త సిటీ, కాస్త సముద్రం కావాలి. వైజాగ్ చూసేశారు, గోవా మీద మోజు లేదు. భువనేశ్వర్, పూరీ అనుకుంటే ఇంట్లోవాళ్లు "అది అరవై దాటాక వెళ్లే తీర్థయాత్ర కదా" అంటున్నారు. నిజమేనా, బీచ్ రిసార్ట్ తీసుకోవాలా, మామూలు హోటల్ చాలా?

నిజం కాదు. మేమిద్దరం డిసెంబరులో వెళ్లాం, పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలేసి. వెళ్లింది దేవుడి కోసం కాదు, నిద్ర కోసం. దేవుణ్నీ చూశాం, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. భువనేశ్వర్లో దిగగానే ఆటోవాడి నుంచి హోటల్ రిసెప్షన్ దాకా అందరూ ఒకటే ప్యాకేజీ అంటగడతారు: పొద్దున్నే కారెక్కితే ధౌళి, పిప్పిలి, కోణార్క్, పూరీ దర్శనం, చీకటి పడ్డాక మళ్లీ భువనేశ్వర్. దూరాలు తక్కువ కాబట్టి (భువనేశ్వర్ నుంచి పూరీ 60 కిలోమీటర్లు, పూరీ నుంచి కోణార్క్ 35) అన్నీ ఒకే రోజులో కుక్కేస్తారు. అలా వెళ్తే కోణార్క్‌కి మిట్టమధ్యాహ్నం ఎండలో చేరతారు, పూరీ గుడిలో కాళ్లు పీకుతుంటే క్యూలో నిలబడతారు, సముద్రాన్ని కారు దిగి పావుగంట చూసి సెల్ఫీ తీసుకుని వచ్చేస్తారు. అత్తమామల్ని తీసుకెళ్తే అది సరిపోతుందేమో. మీరు అడిగిన సెలవు అది కాదు.

మేం చేసిన పద్ధతి వేరు. ముందు భువనేశ్వర్లో ఉన్నాం. తర్వాత సామాను కార్లో వేసుకుని ధౌళి, కోణార్క్ మీదుగా పూరీ చేరాం. కారుని ఒకవైపుకే మాట్లాడుకుని పూరీలో వదిలేశాం. మిగతా రాత్రులన్నీ పూరీలోనే, తిరుగు రైలు కూడా అక్కడి నుంచే. వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన పని లేదు.

భువనేశ్వర్లో హోటల్ మీద డబ్బు తగలెయ్యకండి, శుభ్రంగా ఉంటే చాలు. పాత ఊరు వైపు సాయంత్రం వెళ్లండి. లింగరాజ ఆలయం పదకొండో శతాబ్దానిది, గోపురం దాదాపు 55 మీటర్ల ఎత్తు, కానీ నాకు నచ్చింది ముక్తేశ్వరం. గుడి చిన్నదే. దాని ముందున్న రాతి తోరణం కోసం వెళ్లాలి. పదో శతాబ్దపు పని. పొట్టిగా లావుగా ఉన్న రెండు స్తంభాలు, వాటి మీద కమాను, ఆ కమాను మీద తీరిగ్గా వాలి కూర్చున్న స్త్రీమూర్తులు, రెండు చివర్లా మకరాలు. ఎర్రటి ఇసుకరాయి మీద నీరెండ పడుతుంటే పక్కనే గట్టు మీద కూర్చుని చాలాసేపు ఊరికే చూశాం. ఎవరూ లేవమనలేదు, ఎవరూ ఏమీ అమ్మలేదు.

ఉదయం మాత్రం ఉదయగిరి గుహలకి వెళ్లండి, ఎండ ముదరక ముందే. అక్కడి హాథీగుంఫాలో కళింగ రాజు ఖారవేలుడి శాసనం ఉంది. శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యం పంపానని రాయించుకున్నాడు. చిన్నప్పటి నుంచి మన పుస్తకాల్లో శాతవాహనుల గొప్పలే చదివినవాళ్లం కదా, అవతలివాళ్ల రాయి దగ్గర నిలబడి ఇది వినడం భలేగా ఉంటుంది. రెండంతస్తుల రాణీ గుంఫా కూడా ఆ కొండలోనే. కోతులున్నాయి, చేతిలో తినేవి పెట్టుకోకండి.

తిండి సంగతి. దాల్మా అని కూరగాయలు వేసి వండే పప్పు ఉంటుంది, కారం లేదని మా ఆయన మొదట మొహం చిట్లించి తర్వాత రెండోసారి అడిగి వేయించుకున్నారు. కటక్ వెళ్లే హైవే మీద పహళా అనే చోట రోడ్డు పక్కన వరసగా రసగుల్లా దుకాణాలుంటాయి, అక్కడ వేడిగా పెడతారు. ఛెనాపోడ తప్పక తినండి. జున్నులాంటి ఛెనాలో పంచదార కలిపి, పైన అడుగున మాడేదాకా కాలుస్తారు. ఆ మాడిన అంచు కోసమే మేం కొట్టుకున్నాం.

ఇక ప్రయాణం రోజు. ధౌళి దారిలోనే వస్తుంది. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు పశ్చాత్తాపపడిన శాసనం ఇక్కడే ఉందని మా డ్రైవర్ చెప్పాడు, మీకూ చెప్తారు. అసలు ఆ 13వ శాసనం ధౌళిలో లేదు. ఓడిపోయిన ఊళ్లో దాన్ని చెక్కించకుండా, దాని బదులు వేరే రెండు శాసనాలు వేయించాడు. "మనుషులందరూ నా బిడ్డలే" అన్నది వాటిలోదే. ఏం చెప్పాలో ఏం దాచాలో తెలిసిన రాజు. రాతిలోంచి సగం బయటికొస్తున్నట్టు చెక్కిన ఏనుగు ఉంది, చూడండి. కొండమీది తెల్లటి శాంతి స్తూపం 1972 నాటిది, ఫొటోకి బాగుంటుంది, అంతే. పిప్పిలిలో అద్దాలు, గుడ్డముక్కలు కుట్టిన చాందువా లాంతర్లు కొనుక్కోవచ్చు కానీ డ్రైవర్ ఆపిన దుకాణంలో కొనకండి. నాలుగు అడుగులు వేస్తే ధర తగ్గుతుంది.

కోణార్క్‌కి మధ్యాహ్నం మూడు దాటాక చేరేలా చూసుకోండి. పదమూడో శతాబ్దంలో గంగవంశపు నరసింహదేవుడు కట్టించాడు. మన సింహాచలం గుడి మీద కూడా ఆ గంగరాజుల చెయ్యి ఉంది, మండపంలో రాతి చక్రాలు చూసే ఉంటారు. ఇక్కడ అలాంటి చక్రాలు 24, ఒక్కొక్కటి మనిషి కంటే బాగా ఎత్తు. చక్రం ఇరుసు దగ్గర వేలు పెట్టి, నీడ ఏ ఆకు (చక్రం చువ్వ) మీద పడిందో చూసి గైడ్ టైం చెప్పాడు. మా ఆయన వెంటనే ఫోన్ తీసి సరిచూశారు, దాదాపు కలిసింది. ముందు మండపం లోపలికి వెళ్లలేం. కూలిపోకుండా 1903 ప్రాంతంలో బ్రిటిష్‌వాళ్లు దాన్ని ఇసుకతో నింపి మూసేశారు.

జంటగా వెళ్తున్నారు కాబట్టి ఇంకో మాట. మిథున శిల్పాల దగ్గరికి రాగానే గైడ్ గొంతు తగ్గించి మా ఆయన్ని మాత్రం పక్కకి పిలిచాడు. "బాబూ, నేనూ టికెట్ కొనుక్కునే వచ్చాను" అంటే నవ్వి అప్పుడు ఇద్దరికీ చెప్పాడు. నిజానికి చాలా బాగా చెప్పాడు.

కోణార్క్ నుంచి పూరీకి మెరైన్ డ్రైవ్ మీద వెళ్లండి. సరుగుడు తోటలు, మధ్యమధ్య సముద్రం, చుక్కల జింకలు తిరిగే అభయారణ్యం. చంద్రభాగా బీచ్ గుడికి మూడు కిలోమీటర్లే. కాసేపు ఆగండి.

పూరీలో గది ఎక్కడ తీసుకుంటారన్నదే అన్నిటికంటే ముఖ్యం. స్వర్గద్వార్ వైపు బాగా సందడి, సాయంత్రం బజారు, కోల్‌కతా కుటుంబాలు, చేపల వేపుళ్లు. సందడి ఇష్టమైతే అక్కడే ఉండండి. కానీ అక్కడ సముద్రం పక్కనే శ్మశానం ఉంటుంది, ఇరవైనాలుగ్గంటలూ చితులు కాలుతుంటాయి. మాకు పట్టింపు లేదు గానీ సెలవులో అది చూడలేం అనేవాళ్లుంటారు. ప్రశాంతంగా కావాలంటే చక్రతీర్థ రోడ్డు వైపు చూడండి. మీరడిగిన రిసార్ట్ విషయం: ఖరీదైన రిసార్ట్ అక్కర్లేదు, కానీ సముద్రం వైపు బాల్కనీ ఉన్న గదికి ఎంత ఎక్కువైనా పెట్టండి. భువనేశ్వర్లో మిగిల్చింది ఇక్కడ ఖర్చు చేయండి. ఇంకోటి, పూరీలో చాలా హోటళ్లకి చెక్-అవుట్ పొద్దున్న 8 గంటలకే. బుక్ చేసేటప్పుడే అడగండి, లేకపోతే ఆఖరి రోజు సామానుతో రోడ్డు మీద పడాలి.

పూరీ సముద్రం మెత్తనిది కాదు. అల విరిగి వెనక్కి లాగేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. ఈత వచ్చని ధైర్యం చేయొద్దు. ఒడ్డున నోలియాలు ఉంటారు, కొంత డబ్బిస్తే చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్లి జాగ్రత్తగా తీసుకొస్తారు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని ఒక పెద్దాయన "ఎక్కడి నించి ఒచ్చేరమ్మా?" అన్నాడు, అచ్చం శ్రీకాకుళం యాసలో. నోలియాల్లో చాలామంది ఎప్పుడో మన ఉత్తరాంధ్ర తీరం నుంచి, గంజాం నుంచి వలసొచ్చిన తెలుగు జాలర్ల వారసులే. పెంటకట అనే వాళ్ల పేటలో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. ఆయన మా ఇద్దరి చేతులూ పట్టుకుని "అల ఒచ్చినపుడు అడ్డంగా నిలబడండి, ఎదురుగా నిలబడితే పడదోసేస్తాది" అని నేర్పించాడు. అంతవరకు అరగంటగా పడుతూ లేస్తూ ఉన్నవాళ్లం, తర్వాత ఒక్కసారీ పడలేదు. స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి సదుపాయాలు కావాలంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన గోల్డెన్ బీచ్‌కి వెళ్లండి.

గుడి. ఫోన్లు లోపలికి రానివ్వరు, షార్ట్స్, చిరుగుల జీన్స్ కుదరవు. హిందువులు కానివాళ్లకి ప్రవేశం లేదు, మీతో స్నేహితులెవరైనా వస్తుంటే ముందే చెప్పండి. పండాలు (గుడి పూజారులు) వెంటపడతారు. వద్దనుకుంటే ఒక్కసారి వద్దని చెప్పి నడిచిపోండి. ఆగి మాట్లాడితే అయిపోయినట్టే. సింహద్వారం ముందున్న అరుణ స్తంభం ఒకప్పుడు కోణార్క్‌లో ఉండేది, మరాఠాల కాలంలో ఇక్కడికి తెచ్చారు. ముందురోజు కోణార్క్ చూసినవాళ్లకి అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దర్శనం తోపులాటగానే జరిగింది. కానీ ఆనందబజార్‌ని మాత్రం వదులుకోవద్దు. గుడి ప్రాకారంలోనే, మధ్యాహ్నం భోగం (నైవేద్యం) అయ్యాక వెళ్తే మహాప్రసాదం వేడిగా దొరుకుతుంది. కట్టెల పొయ్యి మీద మట్టికుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి వండుతారు, అన్నిటికంటే పైకుండ ముందు ఉడుకుతుందంటారు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాటా ఏవీ పడవు. నేతి వాసనొచ్చే తియ్యటి కనికా, దాల్మా, ఆవపిండి వేసిన బేసర కూర. నేల మీదే కూర్చుని, ఎవరో తెలియనివాళ్ల పక్కన ఆకులో తిన్నాం. అక్కడ కులమూ లేదు, పంక్తిభేదమూ లేదు. ధర ముందే అడగండి. సాయంత్రం సూర్యాస్తమయం వేళకి బయట పెద్ద రోడ్డు మీద నిలబడితే చునరా సేవకుడు ఏ తాడూ లేకుండా గోపురం ఎక్కి జెండా మార్చడం కనిపిస్తుంది. మా ఆయన కళ్లు మూసుకున్నారు, నేను చూశాను.

చిలికా డాల్ఫిన్ల కోసం సాతపడా వెళ్లమని కూడా చెప్తారు. వదిలేయండి. పోను రాను, పడవలో కలిపి రోజంతా పోతుంది, కనిపించేది క్షణం పాటు ఒక వీపు. దానికంటే ఒక పూట రఘురాజపూర్ వెళ్లండి. ఊరు ఊరంతా పట్టచిత్రాలు వేసేవాళ్లే, గుమ్మాల్లో కూర్చుని తాటాకు మీద గంటంతో గీస్తుంటారు.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. దసరాకి, క్రిస్మస్ వారానికి పూరీ కిటకిటలాడుతుంది, రథయాత్రప్పుడు ఇద్దరు విశ్రాంతికి వెళ్లే ఊరు కాదు. డిసెంబరు 1 నుంచి 5 దాకా కోణార్క్‌లో నృత్యోత్సవం జరుగుతుంది, సెలవులు కలిస్తే దానికి సర్దుకోండి. విజయవాడ నుంచి హౌరా వైపు వెళ్లే చాలా రైళ్లు భువనేశ్వర్లో ఆగుతాయి. వచ్చేటప్పుడు పూరీ నుంచి నేరుగా తిరుపతి వైపు రైలుంది, దాన్లో దొరక్కపోతే ఖుర్దా రోడ్ జంక్షన్ నుంచి చూడండి, పూరీకి 44 కిలోమీటర్లే. టికెట్లు ముందు తిరుగు ప్రయాణానికి చేయించుకోండి, దొరకడం కష్టమయ్యేది అదే. పూరీ ఖాజాలు మాత్రం ఆఖరి రోజే కొనండి. మన తాపేశ్వరం కాజాలా పాకం కారదు, పొరలు పొరలుగా పొడిగా ఉంటుంది కాబట్టి బ్యాగులో భద్రంగా వస్తుంది.